బ్యాంకులు కలిశాయి, నా బ్రాంచిలో మనుషులు కలవడం లేదు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక గ్రామీణ బ్యాంకు శాఖకు మేనేజరుని. విలీనం తర్వాత బ్రాంచిలో వాతావరణమే మారిపోయింది. వేరే బ్యాంకు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు ప్రతిదానికీ ‘మా దగ్గర ఇలా ఉండేది కాదు’ అంటాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ క్యాషియరు గారు కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటే ‘నన్ను వదిలేయండి మేడం’ అంటారు. ఈమధ్యే చేరిన అమ్మాయి ఆయన పని కూడా నెత్తినేసుకుని సాయంత్రానికి ఏడుపు మొహం పెడుతోంది. నా కోపమంతా ఇంటికెళ్లాక ఇంటర్ చదివే మా పాప మీద పోతోంది. మావారు ‘ఇంటిని కూడా బ్రాంచి చేసేశావు’ అన్నారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మేనేజరు బాధ్యత వద్దని లేఖ ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఇది నా చేతకానితనమేనా?

జవాబు: కాదండీ. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. 2025 మే 1న చైతన్య గోదావరి, ఆంధ్రా ప్రగతి, సప్తగిరి గ్రామీణ బ్యాంకులు, ఆంధ్రాలోని ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) శాఖలు, ఇన్నీ కలిపి ఒకే బ్యాంకయ్యాయి. వాటి వెనక అండగా ఉన్న పెద్ద బ్యాంకులు, అంటే స్పాన్సర్ బ్యాంకులు వేరు, పని పద్ధతులు వేరు, ఒకచోట గొప్పగా చెప్పుకునే అలవాటు ఇంకోచోట తప్పు. బోర్డు మార్చడానికి ఒక పూట చాలు గానీ, ఏళ్ల తరబడి ఒక పేరు చెప్పుకుని బతికిన మనిషి మారడానికి ఎంత పడుతుందో ఏ సర్క్యులర్‌లోనూ ఉండదు. 1923లో పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోతే, అందులో ఖాతా మాత్రమే ఉన్నవాళ్లు కూడా ఎంత బాధపడ్డారో మీకు తెలుసు. జీతం తీసుకున్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది క్యాషియరు గారే. ఆయన మొండితనం చేస్తున్నారని మీకు అనిపిస్తోంది. నాకు మాత్రం ఆయన సిగ్గుపడుతున్నారనిపిస్తోంది. నిన్నటిదాకా కళ్లు మూసుకుని చేసిన పని, ఇవాళ కౌంటర్ ముందు డ్వాక్రా అక్కలు వరసగా నిలబడి చూస్తుండగా స్క్రీన్‌లో ఎక్కడుందో వెతుక్కోవాలి, ఈలోపు కూతురి వయసు పిల్ల వెనకనుంచి చేయి చాపి ఆయన కీబోర్డు మీదే టకటకా నొక్కేసి వెళ్లిపోతుంది. ఆ పిల్ల సాయమే చేసింది, కానీ ఆయనకు నలుగురిలో తల కొట్టేసినట్టు ఉంటుంది. ఇలాంటప్పుడు ‘నన్ను వదిలేయండి’ అనడం తప్ప పెద్దమనిషికి ఇంకేం దారి ఉంది?

కాబట్టి నేర్పడం కస్టమర్లు వెళ్లిపోయాక, షట్టరు సగం దించాక పెట్టుకోండి. రోజుకి ఒక్క పని చాలు, ఇవాళ నగదు జమ, రేపు బంగారం లోను రెన్యువల్. అమ్మాయికి ఒక్క షరతు పెట్టండి: నోటితో చెప్పాలి, కీబోర్డు మీద చేయి వేయకూడదు. ఆయన ఎంత ఆలస్యం చేసినా ఆయన వేళ్లే నొక్కాలి. బదులుగా ఆ అమ్మాయికి ఆయన దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. ఏ ఊరి రైతు పంట లోను ఎప్పుడు కడతాడు, ఏ సంఘం లీడరు మాట మీద నిలబడుతుంది, ఇవి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండవు. ఈ మాట ఆయన ఎదురుగా, అందరూ వినేలా అనండి. ఊరికే మెచ్చుకోవడానికి అయితే వద్దు, నిజంగా ఆ అమ్మాయిని ఆయన వెంట రికవరీకి పంపండి.

ఆ ఆఫీసరు సంగతి కొంచెం తేలిక. ‘మా దగ్గర’ అన్నప్పుడల్లా మీకు ఒళ్లు మండుతోంది కదా, ఈసారి అనగానే ‘అయితే మీ దగ్గర ఎలా చేసేవారో చూపించండి’ అని కుర్చీ లాక్కుని కూర్చోండి. సంఘాల లోను కాగితాలు సర్దే పద్ధతో ఇంకోటో, రూల్స్‌కి లోబడి నిజంగా మేలైంది ఉంటే బ్రాంచిలో పెట్టేయండి, అతని పేరు చెప్పే పెట్టండి. లేకపోతే ఎందుకు కుదరదో అక్కడే చెప్పేయండి. చాటుగా వాట్సాప్ గ్రూపులో సణుక్కునే కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఇంకొకటి, అందరినీ లోలోపల తినేసేది సీనియారిటీ, బదిలీ, ప్రమోషన్. మీకూ తెలియదు కాబట్టి ఆ మాట ఎత్తకుండా ‘అంతా బాగానే ఉంటుంది’ అంటున్నారేమో, దయచేసి అలా అనకండి, ఆ మాట ఎవరూ నమ్మరు. సోమవారం పొద్దున తలుపులు తీయకముందు పది నిమిషాలు అందరూ నిలబడి మాట్లాడుకోండి. ఇది ఖాయమైంది, ఇది ఇంకా తేలలేదు, ఇది రీజనల్ ఆఫీసులో అడిగి గురువారం చెప్తాను. గురువారానికి జవాబు రాకపోయినా ‘రాలేదు’ అని చెప్పండి. చెప్పిన రోజున చెప్పే మేనేజరు ఉంటే పుకార్లకు సగం పని పోతుంది.

ఇక ఇల్లు. మీవారు అన్నమాటలో వెటకారం కంటే భయమే ఎక్కువ ఉందనిపిస్తోంది, ఒకసారి ఆయనతో కూర్చుని బ్రాంచిలో ఏం జరుగుతోందో మొత్తం చెప్పండి, సలహా వద్దు వినండి చాలు అని ముందే చెప్పి మరీ. పాపకి క్షమాపణ చెప్పడానికి మొహమాటపడకండి. ‘నా టెన్షన్ నీ మీద చూపించాను, తప్పు నాదే’ అంటే చాలు, దానికి పెద్ద ఉపోద్ఘాతం అక్కర్లేదు. ఆఫీసు ఫోన్‌ని భోజనాల దగ్గరికి తేవద్దు. నిద్ర ఇలాగే ఇంకో రెండు మూడు వారాలు పట్టకపోతే మాత్రం డాక్టర్‌ని కలవండి. ఈలోపు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

లేఖ విషయం. నిద్రలేని రాత్రుల మధ్య రాసిన లేఖ ఇవ్వకండి. పైన చెప్పినవి చేసి చూడండి, మార్చి క్లోజింగ్ కూడా అయిపోనివ్వండి. అప్పటికీ వద్దనిపిస్తే నిశ్చింతగా ఇచ్చేయండి, మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ లోపే రీజనల్ మేనేజరుకి ఒక కాగితం పెట్టండి: స్టాఫ్ కొత్త పద్ధతిలో కుదురుకునేదాకా ఇంకో మనిషి కావాలి, టార్గెట్లకు కొంత గడువు కావాలి అని. ఇన్నాళ్లూ మీ స్టాఫ్ కష్టం మీరు వింటున్నారు గానీ, మీ కష్టం పైకి ఒక్కసారైనా రాతపూర్వకంగా చెప్పినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.