చేయి చూస్తే చించిల్లా (దట్టమైన బొచ్చుండే, ఎలుక జాతి పెంపుడు జంతువు) పారిపోతోందా?

చేయి పైనుంచి రావడమే కారణం. తెచ్చి రెండు వారాలైనా చేయి చూస్తే మూలకు దూరుతోందని ఒకరు అడిగారు. దాని కంటికి పైనుంచి వచ్చే చేయి గద్ద దిగినట్టే.

1. పగలు కదిలించకండి. చీకటి పడ్డాక, రోజూ 10 నిమిషాలు చాలు.
2. అరచేయి వెల్లకిలా బోను అడుగున ఆనించి, ఒక్క ఓట్స్ రేకు పెట్టండి. ఎండుద్రాక్ష వద్దు, చక్కెర దానికి పడదు.
3. అందరూ తప్పేది ఇక్కడే. అది వచ్చి మీసాలు తగిలించి, వేలిని పంటితో మెల్లగా నొక్కి చూస్తుంది. అప్పుడు నిమరబోవద్దు, చెయ్యి లాక్కోవద్దు. తనంతట తానే అరచేతిలోకి ఎక్కేదాకా అలాగే ఉంచండి, ఎన్ని రోజులైనా సరే.
4. ఆ తర్వాతే గడ్డం కింద నిమరండి.

దయచేసి ఒడిసి పట్టుకోకండి. బెదిరితే బొచ్చు కుచ్చుగా ఊడి వచ్చేస్తుంది, మళ్లీ మొలవడానికి నెలలు పడుతుంది.