ఆటమ్ ఎన్450, ఏఎండీ ఈ-350: పాత ల్యాప్‌టాప్‌లలో దేన్ని దేనికి వాడుకోవాలి?

ప్రశ్న: మా ఇంట్లో రెండు పాత చిన్న ల్యాప్‌టాప్‌లు ఉన్నాయి. ఒకదానిలో ఇంటెల్ ఆటమ్ ఎన్450 ప్రాసెసర్, రెండోదానిలో ఏఎండీ ఈ-350 ప్రాసెసర్ ఉన్నాయి. రెండింటి వేగమూ ఇంచుమించు 1.6 గిగాహెర్ట్జ్. విద్యుత్తు మాత్రం మొదటిదానికి 5.5 వాట్లు, రెండోదానికి 18 వాట్లు అని చదివాము. వేగం ఒకటే అయినప్పుడు మూడు రెట్లు కరెంటు తినేదాన్ని ఎందుకు ఉంచుకోవాలని మావారి వాదన. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి వీడియో పాఠాలు చూడటానికి, తెలుగులో టైపు చేసుకోవడానికి ఒకటి కావాలి. కుటుంబం ఫొటోలు భద్రపరిచేందుకు ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా మరొకటి కావాలి. దేన్ని దేనికి వాడమంటారు?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు పేర్కొన్న అంకెలన్నీ సరైనవే, కానీ వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. గిగాహెర్ట్జ్ అన్నది ప్రాసెసర్‌లోని గడియారం సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చెబుతుందే తప్ప, ఒక్కొక్క స్పందనకు ఎంత పని పూర్తవుతుందో చెప్పదు. ఈ రెండు ప్రాసెసర్ల మధ్య అసలు తేడా ఆ పని దగ్గరే ఉంది.

ఆటమ్ ఎన్450 నెట్‌బుక్‌ల కోసం, అంటే చిన్న ల్యాప్‌టాప్‌ల కోసం, 2010 జనవరిలో మార్కెట్లోకి వచ్చింది. 45 నానోమీటర్ల పద్ధతిలో తయారైన ఈ చిప్‌లో కోర్, అంటే ఆదేశాలను అమలు చేసే భాగం, ఒక్కటే, దాని నిర్మాణం కూడా చాలా వరకు 2008 నాటి తొలి ఆటమ్‌లదే. ప్రోగ్రాములోని ఆదేశాలను అవి వచ్చిన వరసలోనే అమలు చేయడం దాని స్వభావం. ఒక ఆదేశానికి కావలసిన సమాచారం మెమరీ నుంచి రావడం ఆలస్యమైతే దాని వెనుకనున్నవన్నీ ఆగిపోతాయి. రేషన్ దుకాణం వరసలో మొదటి మనిషి కార్డు కోసం పిల్లవాణ్ణి ఇంటికి పంపితే, కార్డులు చేతిలో పట్టుకున్నవారు కూడా అతని వెనుకే నిలబడిపోవలసి వచ్చినట్లన్నమాట. ఏఎండీ ఈ-350లో ఉన్న బాబ్‌క్యాట్ కోర్ అలా ఆగదు, సిద్ధంగా ఉన్న ఆదేశాలను ముందుగా పూర్తిచేసి ఫలితాలను మళ్లీ అసలు వరసలో పేర్చుకుంటుంది. పైగా 2011 జనవరిలో వచ్చిన ఈ చిప్‌లో అలాంటి కోర్‌లు రెండు ఉన్నాయి, ఒక్కొక్కదానికి 512 కిలోబైట్ల ఎల్2 క్యాష్ (తరచూ కావలసిన సమాచారాన్ని కోర్ దగ్గరే ఉంచే చిన్న, వేగవంతమైన మెమరీ) విడిగా ఉంది. ఆటమ్‌లో మొత్తం ఎల్2 క్యాష్ అంత మాత్రమే.

ఇంటెల్ ఇంజనీర్లకు ఈ లోపం తెలియక కాదు. వరసను మార్చుకునే ఏర్పాటుకు అదనపు ట్రాన్సిస్టర్లు, వాటికి అదనపు విద్యుత్తు కావాలి కనుక, కావాలనే దాన్ని వదులుకున్నారు. దానికి బదులుగా హైపర్‌థ్రెడింగ్ అనే ఏర్పాటు పెట్టారు, ఒక పని ఆగిన క్షణాల్లో రెండో పనికి సంబంధించిన ఆదేశాలు నడిచేందుకు అది వీలు కల్పిస్తుంది. అందువల్లనే టాస్క్ మేనేజర్‌లో ఆటమ్‌కు కూడా రెండు ప్రాసెసర్లు ఉన్నట్లు కనిపిస్తుంది. దాన్ని చూసి రెండూ సమానమనుకునేవారు ఎందరో ఉన్నారు, కానీ నిజానికి అక్కడున్నది ఒకే కోర్.

ఇక వాట్ల సంగతి. 5.5, 18 అన్నవి థర్మల్ డిజైన్ పవర్ అంకెలు. ఎక్కువ భారం పడినప్పుడు ఎంత వేడిని బయటకు పంపగలిగేలా శీతలీకరణను రూపొందించాలో ల్యాప్‌టాప్ తయారీదారుకు చెప్పడానికి అవి ఉద్దేశించినవి, అంతేగాని మీ మీటరులో తిరిగే యూనిట్ల లెక్క అందులో లేదు. ఖాళీగా ఉన్నప్పుడు రెండు చిప్‌లూ గడియారం వేగాన్ని తగ్గించుకుంటాయి, అప్పుడు తెర, డిస్కు, వైఫై తీసుకునే విద్యుత్తు వాటా పెద్దదవుతుంది. ప్రాసెసర్ పక్కనుండి దాన్ని మిగతా భాగాలతో కలిపే చిప్‌సెట్‌ను మరిచిపోవడం కూడా పొరపాటే. 2008లో డెస్క్‌టాప్‌ల కోసం వచ్చిన ఆటమ్ 230కు 4 వాట్లే అయినా, దానికి జతగా బోర్డు మీద పెట్టిన 945జీసీ చిప్‌సెట్ ఒక్కదానికే 22.2 వాట్లు! ఎన్450 నాటికి గ్రాఫిక్స్‌ను, మెమరీ కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోకే తెచ్చి ఇంటెల్ ఆ దుస్థితిని సరిదిద్దింది. ఈ-350 చెప్పే 18 వాట్లలో కూడా గ్రాఫిక్స్ కలిసే ఉంది, పైగా ఆ గ్రాఫిక్స్ ఆటమ్‌లోని దానికన్నా చాలా శక్తిమంతమైనది.

అయినా మావారి లెక్క ఎటు పోయిందంటారా? రెండింటి మధ్య ఎప్పుడూ 10 వాట్ల తేడా ఉంటుందనే అనుకుందాం. రోజుకు 4 గంటల చొప్పున నెలకు అయ్యే అదనపు ఖర్చు 1.2 యూనిట్లు. అదే తేడా 24 గంటలూ కొనసాగితే 7.2 యూనిట్లు. కనుక అమ్మాయి చదువుకునే యంత్రం విషయంలో వాట్ల గురించి ఆలోచించనక్కరలేదు. ఎప్పుడూ ఆన్‌లో ఉండే యంత్రం విషయంలో మాత్రం ఆలోచించాలి.

అమ్మాయికి ఈ-350 ఇవ్వండి. వీడియో పాఠాలకు అదే తగినది, ఎందుకంటే హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియోను విప్పే పనిని దానిలోని గ్రాఫిక్స్ భాగం స్వయంగా చేస్తుంది. ఎన్450లోని జీఎంఏ 3150 గ్రాఫిక్స్‌కు అంతకన్నా పాతదైన ఎంపెగ్-2 పద్ధతి వరకే ఆ సామర్థ్యం ఉంది, మిగిలిన భారమంతా ఆ ఒంటరి కోర్ మీదే పడుతుంది. అయితే ఈ-350కి కూడా వీపీ9, ఏవీ1 పద్ధతులు తెలియవు, యూట్యూబ్ ఎక్కువగా పంపేవి అవే. వీడియోను హెచ్.264లోనే పంపమని అడిగే చిన్న ఎక్స్‌టెన్షన్లు బ్రౌజర్లకు దొరుకుతాయి. దానిని పెట్టి, 720పీ వద్ద చూస్తే ఇబ్బంది తగ్గుతుంది. మెమరీ విషయంలో కూడా ఈ-350దే పైచేయి. ఎన్450 2 జీబీని మించి తీసుకోలేదు, నేటి బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆ 2 జీబీ నిండిపోతుంది. ఈ-350లో డీడీఆర్3 ర్యామ్‌ను 4 జీబీకైనా పెంచి, పాత హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చండి. తెలుగు టైపింగుకు మాత్రం రెండూ చాలు.

ఫొటోల కోసం ఆటమ్ యంత్రం సరిపోతుంది, కాకపోతే కొన్ని పరిమితులున్నాయి. చాలా నెట్‌బుక్‌లలో నెట్‌వర్క్ పోర్టు వేగం 100 మెగాబిట్లే కనుక 50 జీబీ ఫొటోలను తొలిసారి చేర్చడానికి గంటకు పైగా పడుతుంది. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేయాలనుకుంటే, అంటే ఇతరులు చదవలేని సంకేతంలోకి మార్చాలనుకుంటే, ఇంకా నెమ్మదిస్తుంది, ఎన్‌క్రిప్షన్‌కు ప్రత్యేకించిన ఏఈఎస్ ఆదేశాలు ఈ రెండు ప్రాసెసర్లలో దేనికీ లేవు. బ్యాటరీ ఉబ్బి ఉంటే వెంటనే తీసివేయండి. బాగుంటే ఉంచండి, కరెంటు పోయినప్పుడు యూపీఎస్ లాగా పనికొస్తుంది. ఫొటోల మరో ప్రతి వేరే డిస్కులో ఉండి తీరాలి.

ప్రశ్న: నా నెట్‌బుక్‌లో ఆటమ్ ఎన్450 ఉంది. విండోస్ 7 స్టార్టర్ అది 32 బిట్ల యంత్రమని చూపిస్తోంది. 64 బిట్ల లినక్స్ వేయవచ్చునా? విండోస్ 11 సంగతేమిటి?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: విండోస్ 7 స్టార్టర్ 32 బిట్లలో మాత్రమే విడుదలైంది కనుక అది తన సంగతి చెబుతోంది, ప్రాసెసర్ సంగతి కాదు. ఎన్450 64 బిట్ల ప్రాసెసర్. 2008 నాటి ఎన్270 మాత్రం 32 బిట్లది, కనుక పేరును జాగ్రత్తగా చూసుకోండి. డెబియన్ అనే లినక్స్ 64 బిట్ల కూర్పును ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌తో వేసుకోవచ్చు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9వ కూర్పు, దానిని అనుసరించేవి మాత్రం నడవవు, అవి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ4.2 అనే ఆదేశాలు తప్పనిసరి అంటాయి. ఆ ఆదేశాలు ఎన్450లో లేవు, ఈ-350లో కూడా లేవు. విండోస్ 11 ఆలోచన మానుకోండి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది.

ప్రశ్న: స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాల వల్ల పాత ప్రాసెసర్లు వాడటం ప్రమాదకరమని విన్నాను. నిజమేనా?
— మరో పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ఒక ప్రోగ్రాము దాచుకున్న సమాచారాన్ని మరొకటి దొంగచాటుగా తెలుసుకునే వీలిచ్చే ఆ లోపాలు 2018 జనవరిలో బయటపడ్డాయి. వాటికి మూలం, ఏ దారిలో వెళ్లాలో తేలకముందే ఊహించి ఆదేశాలను ముందుగా అమలు చేసే అలవాటు. వరస తప్పని తొలితరం ఆటమ్‌లకు, అంటే ఎన్270కు, ఎన్450కు ఆ బెడద లేదు. విద్యుత్తు ఆదా కోసం వేగాన్ని వదులుకోవడమే ఇక్కడ వాటికి రక్ష అయింది. ఈ-350కి మెల్ట్‌డౌన్ వర్తించదు, స్పెక్టర్ వర్తిస్తుంది, కొత్త లినక్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగంలో) దానికి తగిన రక్షణ ఉంది. మద్దతు ముగిసిన ఆపరేటింగ్ సిస్టమ్‌తో, పాత బ్రౌజర్‌తో నెట్‌లో తిరగడం అంతకన్నా పెద్ద ప్రమాదం. మీ యంత్రంలో అలాంటి పాత సిస్టమ్, బ్రౌజర్ ఉన్నాయేమో చూసుకుని, ముందు వాటిని మార్చండి.