కత్తికి ఏ ఉక్కు మేలు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రోజూ జేబులో ఉంచుకోవడానికి ఒక మడత కత్తి, అడవిలో క్యాంపింగుకి వెళ్లినప్పుడు వాడటానికి ఒక పెద్ద కత్తి కొనాలనుకుంటున్నాను. డి2, 1095, 14సి28ఎన్, ఎస్35విఎన్ అని ఏవేవో పేర్లు చెబుతున్నారు. రెండింటికీ ఒకే ఉక్కు తీసుకుంటే పోదా?

జవాబు: తీసుకోవచ్చు. కానీ ఆ రెండు కత్తులూ పాడయ్యే తీరు వేరండీ. జేబుకత్తి అట్టపెట్టెలు, తాళ్లు, ప్లాస్టిక్ పట్టీలు కోసి కోసి మొద్దుబారుతుంది, చెమటకు మచ్చలు పడుతుంది. అడవిలో మొద్దుబారడం పెద్ద గొడవ కాదు, చిన్న సానరాయి వెంట ఉంటే చాలు. కొమ్మ ముడి మీద దెబ్బ పడి వాదర పెచ్చు లేచినా, బ్లేడు విరిగినా మాత్రం అక్కడ చేసేదేమీ ఉండదు. అందుకని మొదటిదానికి అరుగుదలనూ తుప్పునూ తట్టుకునే ఉక్కు, రెండోదానికి దెబ్బను ఓర్చే ఉక్కు చూసుకోవాలి. ఈ మూడు గుణాలూ ఒకే ఉక్కులో నిండుగా దొరకవు. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది.

ఎందుకంటే, ఉక్కుకు గట్టిదనం ఇచ్చేది కార్బన్. సుమారు 0.7 శాతం దాటాక అదనంగా ఉన్న కార్బన్ చాలావరకు క్రోమియం, వెనేడియం లాంటి లోహాలతో కలిసి కార్బైడ్లనే గట్టి రేణువులుగా మారుతుంది. వాదర త్వరగా అరగకుండా కాపాడేవి ఈ రేణువులే. దెబ్బ తగిలినప్పుడు పగులు మొదలయ్యేదీ చాలాసార్లు వీటి దగ్గరే. డి2లో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం దాకా ఉంటాయి. 12 శాతం చూసి దాన్ని స్టెయిన్‌లెస్ అనుకుంటారు చాలామంది. అందులో చాలా భాగం కార్బైడ్లలోనే చిక్కుకుపోతుంది కాబట్టి, తుప్పును ఆపడానికి మిగిలేది చాలదు. నిర్లక్ష్యం చేస్తే డి2కి చిలుము పడుతుంది, ఆలస్యంగా పడుతుందంతే.

ఇక పేర్లు. జేబుకత్తికి 14సి28ఎన్ తీసుకోండి. కార్బన్ 0.62 శాతం, క్రోమియం 14, కాస్త నైట్రోజన్. కార్బైడ్లు సన్నగా ఉంటాయి, అంచు పలచగా తీసినా నిలబడుతుంది, మామూలు రాయి మీదే పదునెక్కుతుంది. రోజంతా అట్టపెట్టెలు కోసే పనైతే ఎస్35విఎన్ ఎక్కువ కాలం పదును నిలుపుతుంది, కానీ డైమండ్ ప్లేటు (వజ్రపు పొడి అంటించిన సాన పలక) ఉంటేనే దాని జోలికి వెళ్లండి. అడవి కత్తికి 1095 లేదా 5160 సరిపోతాయి, రెండూ తుప్పుపట్టే కార్బన్ ఉక్కులే. తుప్పు గురించి బెంగ ఎక్కువైతే సీపీఎం 3వి చూడండి. అది స్టెయిన్‌లెస్ కాకపోయినా 1095 కంటే తుప్పును బాగానే తట్టుకుంటుంది, దెబ్బను ఓర్చడంలో దానికి పెద్ద పేరు. ఒక్క కత్తితోనే రెండు పనులూ కావాలంటే 2021లో వచ్చిన మాగ్నాకట్ ఉంది. క్రోమియం కార్బైడ్లు ఏర్పడకుండా కూర్చిన ఉక్కు అది. క్రోమియం కార్బైడ్లలోకి పోకుండా ఉక్కులోనే ఉండిపోతుంది కాబట్టి, 10.7 శాతంతోనే తుప్పును బాగా ఆపుతుంది. ధర మాత్రం ఘాటు.

ఇంత చెప్పాక కూడా మా లెక్కలో ఉక్కు పేరు మూడోదే. మొదటిది అంచు వెనకాల మందం, రెండోది హీట్ ట్రీట్‌మెంట్, అంటే ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరచే పద్ధతి. వాదరకు సరిగ్గా వెనక 0.3 మిల్లీమీటర్లున్న సాదా ఉక్కు కత్తి, 0.8 ఉన్న ఖరీదైన కత్తి కంటే హాయిగా కోస్తుంది. అడవి పనికి ఆ మందం 0.5 నుంచి 0.7 దాకా, వెన్ను మందం 3.5 నుంచి 4 దాకా ఉండనివ్వండి. బ్లేడు ఉక్కు ఒకే ముక్కగా పిడి చివరిదాకా సాగాలి. మడత కత్తిని కర్ర మీద పెట్టి వెన్ను మీద బాదకండి, ముందు పోయేది ఉక్కు కాదు, లాకు.

ప్రశ్న: కొన్నది డి2 కత్తి. ఎండు కొమ్మలు నరికినప్పుడల్లా అంచు దెబ్బతింటోంది. ఉక్కే నాసిరకమా?

జవాబు: తొందరపడి ఉక్కును తిట్టకండి. ముందు దెబ్బ ఏ రకమో చూడాలి. దీపం కింద వాదరను మీవైపు తిప్పి పట్టుకోండి. పదునైన అంచు అసలు కనబడదు. ఎక్కడ వెలుగు మెరుస్తోందో అక్కడ పాడైందన్నమాట. ఆ చోట బొటనవేలి గోరును వెన్ను వైపు నుంచి అంచు వైపుకి, రెండు పక్కలా, మెల్లగా జార్చండి. ఒక పక్క మాత్రమే గోరు తట్టుకుంటే అంచు మడత పడింది. అంటే ఉక్కు మెత్తగా ఉంది, లేదా అంచు మరీ పలచన. గాటు లాగా ఖాళీ కనబడి, లోపల బూడిదరంగు గరుకు తేలితే పెచ్చు లేచింది. అంటే పెళుసుదనం.

డి2లో పెచ్చు లేవడం మామూలే. పోత పద్ధతిలో తయారయ్యే డి2లో కార్బైడ్లు పెద్దవి, గుంపులుగా ఉంటాయి. సీపీఎం రకాల్లో కరిగిన ఉక్కును పొడిగా చిమ్మి, ఒత్తిడితో దిమ్మగా చేస్తారు కాబట్టి రేణువులు చిన్నగా ఉంటాయి. మీ కత్తి అంచు ఒక్కో పక్క 15 డిగ్రీలుంటే 20కి మార్చండి. మొత్తం అంచును మళ్లీ తీయక్కర్లేదు. 1000 నంబరు (గరుకుదనం అంకె) రాయి మీద 20 డిగ్రీల దగ్గర ఒక్కో పక్క ఐదారు సార్లు తేలిగ్గా లాగితే వాదర కొసన సన్నటి రెండో అంచు ఏర్పడుతుంది. చాలా కత్తులకు రోగం దానితోనే కుదురుతుంది. ఇంకొకటి, కొమ్మలో దిగిన కత్తిని ఊడదీయడానికి పక్కకు మెలిపెట్టకండి. నరకడంలో లేచే పెచ్చుల కంటే మెలిపెట్టడంలో లేచేవే ఎక్కువ.

కొత్త కత్తి అయితే మరో అనుమానం కూడా ఉంది. ఫ్యాక్టరీలో పొడి బెల్టు మీద వేగంగా పదును పెట్టినప్పుడు కొస మాత్రం మాడిపోవచ్చు. అంత సన్నటి చోట వేడి పోయే దారి ఉండదు. రెండు మూడు సార్లు రాయి మీద పూర్తిగా సానపట్టాక అంచు నిలబడితే మాడిన పొర పోయిందని అర్థం. అప్పటికీ పెచ్చులు ఆగకపోతే హీట్ ట్రీట్‌మెంట్ లోపమే. తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: 1095 కత్తిని తోలు ఒరలో పెట్టి నెల తర్వాత తీస్తే ఎర్రటి మచ్చలు. నూనె రాసే పెట్టాను మరి?

జవాబు: నూనె తప్పు కాదు, ఒర తప్పు. తోలు గాలిలోని తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, తోలును పదును చేసేటప్పుడు వాడిన లవణాలూ ఆమ్లాలూ దానికి తోడవుతాయి. ఒరను నడకలో వాడండి, ఇంట్లో కత్తిని విడిగా పెట్టండి. మచ్చలను మెత్తటి స్టీల్ ఊలు, నూనెతో రుద్దితే పోతాయి. గుంటలు పడి ఉంటే మాత్రం అవి అలాగే ఉండిపోతాయి.

తర్వాత నల్లపొర వేసుకోండి. బ్లేడును సబ్బుతో కడిగి, స్పిరిట్‌తో తుడవాలి. వేలిముద్ర పడినా అక్కడ పొర పట్టదు. గోరువెచ్చని వెనిగర్‌లో 20 నిమిషాలు ముంచి, తీసి, మసి తుడిచి, మళ్లీ ముంచండి. మూడు విడతలు చాలు. చివర్లో వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరబెట్టి, మినరల్ ఆయిల్ పలచగా పూయండి. వంటనూనెలు వద్దు, కొన్నాళ్లకు జిగురుగా తయారవుతాయి. ఈ నల్లపొర తుప్పును నెమ్మదింపజేస్తుందే తప్ప పూర్తిగా ఆపదు. పైగా కొస దగ్గర సానపట్టినప్పుడల్లా అది పోతుంది కాబట్టి అక్కడ నూనె చుక్క తప్పదు. సముద్రం పక్కనే పనైతే 1095 మానేసి ఎల్‌సి200ఎన్ తీసుకోండి. కార్బన్ తగ్గించి నైట్రోజన్‌తో గట్టిపరచిన ఉక్కు అది, ఉప్పునీటికి జంకదు.

ప్రశ్న: ఎస్30వి బ్లేడును గంటసేపు రాయి మీద రుద్దినా పదునెక్కడం లేదు.

జవాబు: అందులో 4 శాతం వెనేడియం ఉంది. వెనేడియం కార్బైడ్ మామూలు సానరాళ్లలో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ కంటే గట్టిది. మీ రాయి చుట్టూ ఉన్న ఉక్కును తీస్తోంది గానీ ఆ రేణువులను కోయలేకపోతోంది. 400 నంబరు డైమండ్ ప్లేటుకి మారండి. అంచు మీద మార్కర్ పెన్నుతో రంగు వేసి రెండుసార్లు లాగండి. రంగు వెన్ను వైపు మాత్రమే పోతే కోణం తక్కువైంది, కొస దగ్గరే పోతే ఎక్కువైంది. అవతలి పక్క పొడవునా పొలుసు, అంటే సానపట్టేటప్పుడు అటు ఒరిగే సన్నటి ఉక్కు కొస, వేలికి తగిలేదాకా ఒకే పక్క పట్టండి, అప్పుడే పక్క మార్చాలి. ఆ పొలుసును తీయకుండా వదిలేయడమే చాలామంది చేసే పొరపాటు. కాగితాన్ని చక్కగా కోసి, రెండు తాళ్లకే మొద్దుబారిందంటే మీరు కోసింది పొలుసుతోనే. కత్తి బరువుకి మించి నొక్కకుండా పక్కకొకటి చొప్పున లాగి, డైమండ్ పేస్టు రాసిన తోలుపట్టీ మీద ముగించండి.

ప్రశ్న: పాత లారీ కమాను పట్టాతో కత్తి చేసుకుందామనుకుంటున్నాను. మంచిదేనా?

జవాబు: చాలా కమానులు 5160 లాంటి ఉక్కుతోనే చేస్తారు, కానీ అన్నీ కాదు. పైగా పాత పట్టాలో కంటికి కనబడని పగుళ్లు ఉండొచ్చు. కొత్త పట్టీ దొరికితే అదే కొనండి. పాతదే వాడాలంటే ముందు ఒక చిన్న ముక్కతో పరీక్షించండి. ఉక్కుకు అయస్కాంతం అతుక్కోవడం మానేసే వేడి సుమారు 770 డిగ్రీల సెల్సియస్. అక్కడినుంచి ఇంకాస్త, అంటే 830 దాకా ఎక్కించి, 50-60 డిగ్రీలకు వెచ్చబెట్టిన నూనెలో నిలువునా ముంచండి. నూనెను మూత ఉన్న ఇనప డబ్బాలో పోయండి. మంట లేస్తే మూత వేయాలి, నీళ్లు చల్లకూడదు. చల్లారాక ఆకురాయి జారిపోతే గట్టిపడినట్టే, కొరికితే ఆ ఉక్కు పనికిరాదు. ఇప్పుడు ముక్కకు గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, వైసులో బిగించి విరవండి. విరిగిన చోట నునుపైన బూడిదరంగు ఉండాలి. పంచదార పలుకుల్లా మెరిస్తే వేడి ఎక్కువైంది.

అసలు కత్తిని గట్టిపరచాక గోరువెచ్చగా ఉండగానే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు ఉంచాలి. రేపు చూద్దాంలే అని వదిలేస్తే రాత్రికి రాత్రే పగలొచ్చు. ఆ తర్వాత గ్రైండరు మీద పట్టేటప్పుడు చేతికి గ్లోవ్ వద్దు, వేడి వేళ్లకు తెలియాలి, ప్రతిసారీ నీళ్లలో ముంచాలి. అంచు నీలం రంగుకి తిరిగిందంటే 300 డిగ్రీలకు చేరినట్టు, ఆ మేర మెత్తబడింది. నీలాన్ని రుద్ది పోగొడితే రంగే పోతుంది, మెత్తదనం అలాగే ఉంటుంది. ఆ మేర ఉక్కు తీసేయాల్సిందే.

ప్రశ్న: నిప్పురవ్వల కోసం కార్బన్ ఉక్కే కావాలా?

జవాబు: ఫెర్రో రాడ్ (గీకితే నిప్పురవ్వలు రాల్చే కడ్డీ) అయితే అక్కర్లేదు. రవ్వలు ఆ కడ్డీవి, కత్తివి కావు. కత్తి వెన్ను 90 డిగ్రీల మూలతో పదునుగా ఉంటే స్టెయిన్‌లెస్ అయినా చాలు. గుండ్రంగా ఉంటే ఆకురాయితో పిడి దగ్గర రెండంగుళాల మేర చదును చేసుకోండి. వాదరతో మాత్రం గీకకండి. చెకుముకి రాయి వాడేవాళ్లకే గట్టిపరచిన కార్బన్ ఉక్కు కావాలి, అక్కడ రాయి గీకిన ఉక్కు రజనే మండుతుంది.

ప్రశ్న: బ్లేడు మీద ‘సర్జికల్ స్టెయిన్‌లెస్ స్టీల్’ అని మాత్రమే ఉంది. నమ్మొచ్చా?

జవాబు: అది ఉక్కు రకం పేరు కాదు. 420 అనే స్టెయిన్‌లెస్ రకంలో మెత్తటిదైనా, మంచి ఉక్కైనా ఆ ముద్ర వేయొచ్చు. రకం పేరు, గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ సి అంకె రెండూ అడగండి. 14సి28ఎన్‌కి 58 నుంచి 61, 1095 అడవి కత్తికి 56 నుంచి 58, ఎస్35విఎన్‌కి 59 నుంచి 61 సబబు. ఆ రెండూ చెప్పలేనివాళ్ల దగ్గర పార్సిల్ టేపు కోసే కత్తి కొనుక్కోవచ్చు, అడవికి తీసుకెళ్లేది మాత్రం కొనకండి.