హెచ్‌పీవీ పాజిటివ్ అని వస్తే "ఎవరి నుంచి?" అన్న ప్రశ్న పక్కన పెట్టండి

"మా అక్కకి హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చింది, పాప్ స్మియర్ మాత్రం నార్మల్. వైరస్ వల్ల ఆడవాళ్లకి నిజంగా క్యాన్సర్ వస్తుందా, ఊరికే భయపెడుతున్నారా?" అని అడిగారు.

భయపెట్టడం కాదండీ, వస్తుంది. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, ఎక్కువగా లైంగిక సంబంధం ద్వారా సోకుతుంది. పాప్ స్మియర్ అంటే గర్భాశయ ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూసే టెస్టు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో ఇక రెండో మాట లేదు, దాదాపు ప్రతి కేసు వెనకా ఈ వైరసే ఉంటుంది. అయితే ఇది సోకినవాళ్లలో నూటికి సుమారు 90 మందికి రెండేళ్లలోపు ఒళ్లే దాన్ని వదిలించుకుంటుంది. ఈ రెండూ కలిపి గుర్తుపెట్టుకోవాలి. మొదటిది మాత్రమే విన్నవాళ్లు నిద్ర మానేస్తారు, రెండోది మాత్రమే విన్నవాళ్లు రిపోర్టు బీరువాలో పడేసి మర్చిపోతారు.

మా వదినది అచ్చం మీ అక్క పరిస్థితే. పాప్ స్మియర్ నార్మల్, హెచ్‌పీవీ పాజిటివ్, టైప్ 16 (ఈ వైరస్‌లో ఉన్న చాలా రకాల్లో ఒకటి). రిపోర్టు తెచ్చుకోవడానికి నేనే తోడు వెళ్లాను. కౌంటర్‌లో ఉన్నామె కాగితం చేతికిస్తూ, వెనక లైనులో జనం వింటుండగానే, "మీ వారు ఉద్యోగం మీద ఊళ్లు తిరుగుతుంటారా?" అని అడిగింది. ఆమె డాక్టరు కాదు, నర్సూ కాదు. అడగమని ఎవరూ చెప్పలేదు. వదిన ఏం మాట్లాడలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, హ్యాండ్‌బ్యాగులో వేయకుండా గుప్పిట్లోనే పట్టుకుంది. చాలా దూరం వచ్చాక, "మీ అన్నయ్యని అడగనా?" అంది. నేను తేరుకునేలోపే, "తిరిగి ఆయన నన్నే అడిగితే?" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్నో వారాలు గడిపేసింది. కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని దగ్గరగా చూసే పరీక్షకి, వెళ్లమని రిపోర్టు మీదే రాసి ఉంది. ఈ రోజు తలనొప్పి, రేపు పిల్లాడికి పరీక్ష, ఎల్లుండి ఇంకేదో. ఆవిడకి భయం క్యాన్సర్ అంటే కాదు. ఆ గదిలోకి వెళ్తే ఇంకెవరు ఏమడుగుతారోనని. ఆడవాళ్లు ఈ టెస్టులకి దూరంగా ఉండేది ముఖ్యంగా ఇందుకేనని నా గట్టి నమ్మకం. నొప్పి, ఖర్చు, తీరిక లేకపోవడం అన్నీ దాని తర్వాతే.

చివరికి పోరు పెట్టి తీసుకెళ్లాను. కాల్పోస్కోపీ అంటే ఏదో పెద్ద ఆపరేషన్ అనుకుందావిడ. పడుకోబెట్టి, పెద్దగా చేసి చూపించే పరికరంతో చూస్తారు, అంతే. డాక్టరమ్మ పెద్దావిడ. ప్రతి పనీ ముందు చెప్పి తర్వాత చేసింది. పల్చటి ఎసిటిక్ యాసిడ్‌లో ముంచిన దూదితో అద్దింది. గదంతా వెనిగర్ వాసన. "కాస్త చురుక్కుమంటోంది" అంది వదిన. డాక్టరమ్మ స్క్రీన్ మా వైపు తిప్పింది. అంతా గులాబీ రంగులో నున్నగా ఉంది. ఒక నిమిషం గడిచేసరికి ఒక అంచున తెల్లటి మచ్చ తేలింది. తర్వాత అయోడిన్ పూస్తే చుట్టుపక్కలంతా ముదురు గోధుమ రంగుకి మారింది, ఆ మచ్చ మాత్రం రంగు పట్టకుండా పసుపుపచ్చగా ఉండిపోయింది. అక్కడి నుంచే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు.

పడుకునే వదిన అడిగేసింది, "ఇది ఎవరి వల్ల వచ్చింది డాక్టర్?" అని.

"ఆ లెక్క నేను చెప్పలేనమ్మా, ఏ టెస్టూ చెప్పలేదు. ఇది ఏళ్ల తరబడి అణిగి ఉండి ఎప్పుడో బయటపడొచ్చు. పెళ్లయిన కొత్తలోది కావచ్చు, అంతకుముందుదీ కావచ్చు. ఇద్దరిలో ఎవరి వైపు నుంచైనా కావచ్చు. జీవితంలో ఒక్కసారైనా ఇది సోకని వాళ్లే తక్కువ. వెళ్లేటప్పుడు మీ వారిని కూడా లోపలికి పిలవండి, ఈ మాట ఆయనకీ నేనే చెబుతాను" అంది.

చెప్పింది కూడా. మా అన్నయ్య అంతా విని, "మరి నేనూ టెస్టు చేయించుకోవాలా?" అని అడిగాడు. మగవాళ్లకి మామూలుగా చేసే హెచ్‌పీవీ టెస్టంటూ లేదు. నాకు ఒళ్లుమండేది ఇక్కడే. వైరస్ ఇద్దరిదీ, టెస్టూ బెడ్డూ చీవాట్లూ ఆడదానివి! మగవాళ్లకి మాత్రం దీనితో పని లేదా అంటే అదీ కాదు. గొంతు, మలద్వారం, పురుషాంగం క్యాన్సర్లకి కూడా ఇదే వైరస్ కారణమవుతుంది. అందుకే చాలా దేశాల్లో మగపిల్లలకి కూడా టీకా వేస్తున్నారు. ఇంట్లో మాత్రం ఇది "ఆడవాళ్ల జబ్బు".

బయాప్సీలో సీఐఎన్ 3 అని వచ్చింది. క్యాన్సర్‌కి ముందు దశ అన్నమాట. ఆ భాగానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కరెంటుతో వేడెక్కే సన్నటి తీగతో ఆ మేర తీసేశారు. లీప్ అంటారు దాన్ని. అదే రోజు ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత చేసిన టెస్టుల్లో వైరస్ లేదు, అయినా చెకప్‌లు మానలేదు. పాప్ స్మియర్ నార్మల్ కదా అని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడానికే నాకు ఇష్టం లేదు.

ఒకప్పుడు డాక్టర్లే ఈ వైరస్ సంగతి నమ్మలేదు. 1970లలో చాలామంది అనుమానం హెర్పిస్ అనే మరో వైరస్ మీద. జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌసెన్ మాత్రం కాదు, పాపిలోమా వైరసే అని పట్టుబట్టి, 1983లో టైప్ 16ని, మరుసటి ఏడు టైప్ 18ని కణితుల్లోంచే బయటికి తీసి చూపించాడు. 2008లో నోబెల్ ఇచ్చారు. ఈ క్యాన్సర్లలో సుమారు 70 శాతానికి ఆ రెండు టైపులే కారణం. కణం గాడి తప్పితే ఆపడానికి మన ఒంట్లో పీ53, ఆర్‌బీ అని రెండు కాపలా ప్రోటీన్లు ఉంటాయి. ఈ వైరస్ తయారుచేసే ప్రోటీన్లలో ఈ6 (E6) అనేది మొదటిదాన్నీ, ఈ7 (E7) అనేది రెండోదాన్నీ పనిచేయకుండా చేస్తాయి. అయినా ఒక్కరోజులో ఏమీ అయిపోదు. మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్ఐవీ లాంటి వాటివల్ల రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో 5 నుంచి 10 ఏళ్లకే రావచ్చు. ఇంత టైమ్ ఇచ్చే క్యాన్సర్లు చాలా తక్కువ. అయినా 2022లో ప్రపంచంలో సుమారు మూడున్నర లక్షల మంది ఆడవాళ్లు దీంతో చనిపోయారు. ఆ చావుల్లో వైరస్ పాలు ఎంతో, నోరు విప్పలేకపోవడం పాలు కూడా అంతే అంటాను నేను.

టీకా గురించి వచ్చే వాట్సాప్ ఫార్వర్డులు చూస్తే రక్తం మరుగుతుంది. పిల్లలు పుట్టరట! అందులో ఉండేది వైరస్ పైతొడుగు లాంటి ప్రోటీన్ మాత్రమే, లోపల వైరస్ జన్యువులే ఉండవు, ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశమే లేదు. ఇంగ్లండ్‌లో 12-13 ఏళ్లప్పుడు టీకా వేసిన అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో లెక్కలు వచ్చాయి. అది ఎవరూ ఫార్వర్డ్ చేయరు. కాకపోతే, ఇప్పటికే ఒంట్లో ఉన్న వైరస్‌ని టీకా పోగొట్టదు. అది ముందే వేయించాలి, మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఆలోచించండి. ఇంకోటి, మా వదిన సంగతి తెలిసినప్పటి నుంచి రొమ్ము క్యాన్సర్ కూడా వైరస్ వల్లేనా అని బంధువులు అడుగుతున్నారు. దానికి అలా తేలలేదు, రెంటినీ కలపొద్దు.

ఇక మీ అక్క విషయం. ముందు రిపోర్టులో టైప్ చూడండి. 16 గానీ 18 గానీ ఉంటే పాప్ నార్మల్ అయినా కాల్పోస్కోపీ చేయించమంటారు, వాయిదా వేయకండి. వేరే హైరిస్క్ (క్యాన్సర్ ముప్పు ఎక్కువున్న) టైప్ అయి పాప్ నార్మల్ ఉంటే సాధారణంగా ఏడాది తర్వాత మళ్లీ టెస్టు చేయమంటారు. ఆ ఏడాది మీరు ఏమీ చేయనట్టు కాదు, ఒళ్లు దాన్ని వదిలించుకుంటోందో లేదో చూస్తున్నట్టు. సిగరెట్ అలవాటుంటే మానేయాలి, పొగ వల్ల వైరస్ ఎక్కువ కాలం నిలిచిపోతుంది. వైరస్‌ని చంపుతామని అమ్మే పొడులూ టాబ్లెట్లూ కొనకండి, దీన్ని చంపే మందు ఇంతవరకు లేదు. ఏడాది తర్వాత కూడా పాజిటివే వస్తే, అక్క ఎన్ని సాకులు చెప్పినా వినకుండా మీరే వెంటబెట్టుకుని కాల్పోస్కోపీకి తీసుకెళ్లండి.