వేప్‌కి మారగానే 'నాన్ స్మోకర్' అయిపోరు

ప్రశ్న: నా వయసు 34. చాలా ఏళ్లుగా రోజుకో ప్యాకెట్ సిగరెట్లు తాగుతున్నాను. మానేద్దామని ఈ-సిగరెట్‌కి, అంటే వేప్‌కి, మారుతున్నాను. మేముండే దేశంలో దీని అమ్మకం చట్టబద్ధమే. ఇదే మొదటిసారి కాబట్టి చిన్న పాడ్ కిట్ (లిక్విడ్ ఉండే చిన్న డబ్బీ, అంటే పాడ్, అమర్చుకునేది) కొనాలా, పెద్ద బాక్స్ మోడ్ (ట్యాంకు విడిగా బిగించుకునే పెద్ద పరికరం) కొనాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మోడ్, లిక్విడ్ పోసే ట్యాంకు, బ్యాటరీలు, ఆరు నెలలకు సరిపడా నికోటిన్ లిక్విడ్ కలిపి వాయిదాల మీద ఇస్తామంటున్నారు. నెలాఖరుకి చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. ఇంటి లోను ఉంది. భార్య, రెండేళ్ల పాప నా మీదే ఆధారపడ్డారు. టర్మ్ పాలసీ కూడా తీసుకుందామనుకుంటున్నాను. సిగరెట్ మానేస్తున్నాను కదా, 'నాన్ స్మోకర్' అని పెడితే ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ చెప్పారు. ఏ కిట్ కొనమంటారు?

జవాబు: మీరు అడిగింది కిట్ గురించే అయినా, నాకు భయం వేసింది మీ ఏజెంట్ చెప్పిన మాట చూసి. సిగరెట్ వదిలి వేప్ పట్టుకున్నవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. పొగాకు కాల్చడం లేదు కాబట్టి ప్రపోజల్ ఫారమ్‌లో (పాలసీ దరఖాస్తులో) 'నో' అని టిక్ పెట్టేయవచ్చనుకుంటారు.

బీమా కంపెనీలు చాలావరకు సిగరెట్‌ని, వేప్‌ని ఒకే లెక్కలో చూస్తాయి. ఫారమ్‌లో ప్రశ్న సాధారణంగా గత 12 నెలల్లో పొగాకు గానీ నికోటిన్ గానీ ఏ రూపంలోనైనా వాడారా అని ఉంటుంది. మెడికల్ టెస్టులో చూసేది కాటినిన్. ఒంట్లోకి వెళ్లిన నికోటిన్ కాటినిన్‌గా మారుతుంది. అది సిగరెట్ నుంచి వచ్చిందా, వేప్ నుంచి వచ్చిందా అన్నది మామూలు టెస్టుకి తెలియదు, కంపెనీకి అక్కర్లేదు. టెస్టులో దొరికిపోతే రేటు పెంచుతారు, లేదంటే దరఖాస్తు తిరస్కరిస్తారు. అది చిన్న నష్టం. టెస్టు లేకుండా పాలసీ వచ్చేసి, ఆ తర్వాత మీకేమైనా అయితే, పాత మెడికల్ రికార్డులు తీసి క్లెయిమ్ ఆపేసే ప్రమాదం ఉంది. అప్పుడు జవాబు చెప్పుకోవాల్సింది మీరు కాదు, మీ భార్య. ఏజెంట్ చెప్పాడన్న మాట ఆవిడ నోటి నుంచి వస్తే చెల్లదు, ఎందుకంటే ఫారమ్ మీద ఉన్నది మీ సంతకం.

కాబట్టి 'యెస్' అని పెట్టండి. ఎన్ని సిగరెట్లు తాగేవారో, ఎప్పటి నుంచి వేప్ వాడుతున్నారో ఉన్నదున్నట్టు రాయండి. ప్రీమియం ఎక్కువే వస్తుంది. అయినా ఇంటి లోను తీరేంత కవర్ ఈ నెలలోనే తీసుకోండి, అలవాటు పూర్తిగా మానాక చూద్దామని వాయిదా వేయకండి. నికోటిన్ మొత్తం వదిలేసి ఏడాది దాటాక రేటు తగ్గించమని కంపెనీని అడగవచ్చు. వాళ్లు ఒప్పుకోకపోతే వేరే కంపెనీలో కొత్త పాలసీకి దరఖాస్తు చేయండి, కానీ అది చేతికొచ్చేదాకా పాతది ఆపకండి. ప్యాచ్, గమ్ లాంటివి వాడితే వాటిని కూడా రాయాలి, వాటితోనూ కాటినిన్ కనిపిస్తుంది. మానేయడానికి ఏది మేలో డాక్టర్‌ని అడగండి.

ఇక ఆ వాయిదాల సంగతి. దయచేసి వద్దు. మానేద్దామనుకున్న అలవాటుకి ఆరు నెలల సరుకు అప్పు చేసి ఎందుకు కొంటారు? నెలాఖరుకి ఏమీ మిగలదని మీరే రాశారు. ఒక్క వాయిదా తప్పితే లేట్ ఫీజు, వడ్డీ, క్రెడిట్ స్కోరుకి దెబ్బ, అన్నీ వరసగా వస్తాయి. ఇంటి లోను ఉన్నవాళ్లు ఆ స్కోరుతో ఆటలాడకూడదు. పైగా ఫ్లేవర్, నికోటిన్ మోతాదు మొదటి వారాల్లోనే మారిపోతుంటాయి. నచ్చని లిక్విడ్ సీసాలు ఇంట్లో మూలన పడి ఉన్నా వాయిదా మాత్రం ఆగదు.

జీతం డబ్బుతో ఒకేసారి కొనగలిగిన, రీఫిల్ చేసుకునే చిన్న పాడ్ కిట్ చాలు. దాన్ని పీల్చడం సిగరెట్ పీల్చినట్టే ఉంటుంది. బాక్స్ మోడ్‌కి విడి బ్యాటరీలు, వాటికో ఛార్జర్, కాయిల్‌కి, అంటే లిక్విడ్‌ని వేడిచేసే తీగచుట్టకి, తగ్గ వాటేజ్ చూసుకోవడం, ఇవన్నీ కొత్తవాళ్లకి టెన్షనే. అసలు ఖర్చు లిక్విడ్‌లో ఉంది. పాడ్‌తో రోజుకి రెండు మూడు మిల్లీలీటర్లు సరిపోయేవారికి, మోడ్ మీద బిగించే, దట్టంగా ఆవిరి వదిలే 'సబ్-ఓమ్' రకం ట్యాంకు పది మిల్లీలీటర్ల దాకా ఖర్చు చేయించగలదు. కాయిల్ ఒకటి రెండు వారాలకోసారి మార్చాలి. అందుకే కాయిల్ ఒక్కటే మారుతుందా, పాడ్ మొత్తం పారేయాలా అన్నది కొనేముందే అడగండి. పక్కన సిగరెట్లు కూడా కొనసాగితే రెండు ఖర్చులూ మీ మీదే పడతాయి, పొదుపు మాట మరిచిపోవాల్సిందే.

ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవారికి ఒక మాట. అక్కడ 2019 నాటి చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల అమ్మకం, దిగుమతి, నిల్వ అన్నీ నేరమే. కిట్ గురించి చెప్పినది మీకు వర్తించదు, ఫారమ్ గురించి చెప్పినది వర్తిస్తుంది.

ముందు ఫారమ్, తర్వాతే కిట్. ఏజెంట్ నింపిన ఫారమ్ మీద అలాగే సంతకం పెట్టకండి. ప్రతి జవాబూ మీరే చదివి, తప్పుంటే మార్పించి, కాపీ ఒకటి మీ భార్య చేతికివ్వండి.