సబ్‌టైటిళ్లు తప్పితే ప్లేయర్ మీద పడకండి

“సబ్‌టైటిళ్లు మాటలతో కలవడం లేదు, ప్లేయర్ తీసేసి మళ్లీ వేస్తే బాగవుతుందా?” అని అడిగారు. బాగవదు. ఆ సలహా ఇచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. జ్వరమొస్తే ఇల్లు మారమన్నట్టు ఉంటుంది. పైగా ప్లేయర్ తీసేసినా పాత సెట్టింగులు చాలాసార్లు కంప్యూటర్‌లో ఏదో మూల దాక్కునే ఉంటాయి.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే ఒకప్పుడు నేనూ అదే పని చేశాను కాబట్టి. మా నాన్నగారికి వినికిడి తగ్గింది, సబ్‌టైటిళ్లు లేకపోతే సినిమా చూడరు. ఒక రాత్రి ఇద్దరం ఏదో హత్య కథ పెట్టుకుని కూర్చున్నాం. మొదటి నాలుగు మాటలూ కుదిరాయి. పది నిమిషాలయ్యేసరికి అక్షరాలు ముందు, మాటలు వెనక. నా ప్లేయర్ వీఎల్‌సీ. అందులో జి నొక్కితే సబ్‌టైటిల్ తొందరగా, హెచ్ నొక్కితే ఆలస్యంగా వస్తుందని తెలుసు. హెచ్ మీద వేలు పెట్టి టకటకా నొక్కాను. ఒక్కో నొక్కుకు జరిగేది 50 మిల్లీసెకన్లు. అప్పటికి తేడా 25 సెకన్లు. అంటే 500 నొక్కులు! సగంలోనే విసుగొచ్చి, ఆ నొక్కినవీ రద్దు చేసి వదిలేశాను. రెండు గంటల సినిమా చివరికొచ్చేసరికి తేడా ఐదు నిమిషాలకు చేరింది. డిటెక్టివ్ ఇంకా కారు దిగలేదు, తెర కింద హంతకుడి పేరు వచ్చేసింది. “ఇంకేముందిరా, తెలిసిపోయింది కదా, పడుకుందాం పద” అని నాన్నగారు లేచి వెళ్లిపోయారు.

ఆ రాత్రే ప్లేయర్ తీసేసి మళ్లీ వేశాను. హంతకుడు మళ్లీ ముందే దొరికాడు.

అసలు సంగతేమిటంటే, ఆ సబ్‌టైటిల్ ఫైలు సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు, చూపే కాపీకి చేసింది, నా దగ్గరున్న వీడియో సెకనుకు 23.976 ఫ్రేములది. 25లో సినిమా కాస్త వేగంగా పరుగెత్తి నాలుగు శాతం ముందే ముగుస్తుంది. కాబట్టి మీరు సినిమా మొదట్లో ఒకచోట, చివర్లో ఒకచోట తేడా చూడండి. రెండు చోట్లా ఒకటే అయితే జి, హెచ్ చాలు. పెరుగుతూ పోతుంటే ఆ మీటలతో కుస్తీ దండగ. వీఎల్‌సీలో కంట్రోల్, జె కలిపి నొక్కితే వీడియో ఫ్రేమ్ రేటు కనిపిస్తుంది. సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఫ్రేమ్ రేటు మార్చే వీలుంది, సబ్‌టైటిల్ ఫైలును మీ వీడియో రేటుకు సరిపెట్టుకోండి. సబ్‌టైటిళ్లు చేసే మహానుభావులు ఏ కాపీకి చేశారో రాయరు కానీ, మొదటి వరుసలో తమ పేరు మాత్రం మరచిపోరు!

ఈలోగా కంగారులో సెట్టింగులన్నీ కెలికేసి ఉంటే, వీఎల్‌సీ సెట్టింగుల కిటికీలో, అంటే ప్రిఫరెన్సెస్‌లో, కింద రీసెట్ బటన్ ఉంది. నొక్కి, ప్లేయర్ మూసి తెరవండి.

తెలుగు సబ్‌టైటిళ్ల బాధ వేరు. అక్షరాల స్థానంలో డబ్బాలు కనిపిస్తే ఫాంటులో తెలుగు లేదని, విండోస్‌లో ఉండే నిర్మలా యూఐ ఫాంటు ఎంచుకోండి. తోకలూ టోపీలూ ఉన్న రోమన్ అక్షరాలు వస్తే ఎన్‌కోడింగ్‌ను, అంటే ఫైలులోని అక్షరాలను చదివే పద్ధతిని, తెలుగు కూడా పట్టే యూటీఎఫ్-8కు మార్చండి. వరసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం ఎవరో నోట్‌ప్యాడ్‌లో తెలుగు పట్టని ఆన్సీ అనే పాత పద్ధతిలో భద్రపరిచి అక్షరాలను చంపేశారు. ఆ ఫైలు ఇక బతకదు, వేరేది దింపుకోండి.