ఆమె ఏం చెప్పబోయింది?

ప్రశ్న: మాది ఆదోని. పత్తి కమీషన్ వ్యాపారం చేస్తాను. యార్డులో నా మాటకు ఎదురులేదు, మిల్లు యజమానులు కూడా వింటారు. ఇంట్లో మాత్రం ఇంటర్ ఎంపీసీ చదివే మా అబ్బాయి నేను నోరు తెరవగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు. మొన్న ఆదివారం ఉగ్గాని తింటూ మార్కుల గురించి గట్టిగా మందలిస్తుంటే మా ఆవిడ మధ్యలో ‘వాడికి ఆ లెక్కలు...’ అని ఏదో మొదలుపెట్టింది. ‘పదో తరగతి తప్పినదానివి, నీకేం తెలుసు’ అని నోరు మూయించాను. వాడు ప్లేటు వదిలి లేచిపోయాడు. కర్నూలులో ఒక శిక్షకుడు మాటల ప్రభావం 7 శాతమే, గొంతుది 38, ముఖకవళికలది 55 అంటూ, గొంతులో అధికారం పలికేలా నేర్పిస్తానంటున్నాడు. చేరమంటారా?

జవాబు: వద్దు. ఆ డబ్బు దాచుకోండి.

ఆ అంకెలు 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగాల నుంచి వచ్చాయి. ఇష్టాన్నో అయిష్టాన్నో తెలిపేటప్పుడు మాట ఒకటి, గొంతు మరొకటి చెబితే వినేవారు దేన్ని నమ్ముతారన్నదే అక్కడి ప్రశ్న. అన్ని సంభాషణలకూ ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పారు. మీ ఇంట్లో మాత్రం సరిగ్గా అదే జరుగుతోంది. ‘నీ మంచికే చెబుతున్నా’ అన్నప్పుడు మాటలో ప్రేమ ఉంది, గొంతులో చీదరింపు ఉంది. పిల్లవాడు గొంతునే నమ్మాడు. పైగా ఒకే తీరుగా మోగే చప్పుడును చెవి కొన్నాళ్లకు పట్టించుకోదు. ఫ్యాను తిరుగుతున్నదని కరెంటు పోయాకే కదా గుర్తొస్తుంది!

మీకు మాట్లాడటం రాదని నేను అనుకోను. పత్తిలో తేమ ఎక్కువుందని మిల్లు యజమాని ధర కోస్తే మీరు కేకలు వేయరు. కాస్త ఆగి, మెల్లగా, ఆయన ముఖం చూస్తూ మాట్లాడతారు. ఆయన మీకు కావాలి గనుక. ఆ విద్యను మీరు ఇంటి గుమ్మం బయటే వదిలి వస్తున్నారు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ మీ భార్య సగంలో మింగేసిన ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. మీరు కొడుకు గురించి రాశాననుకున్నారు. నాకు కనిపించిన సమస్య మీరూ ఆవిడా. వాడు ఎంపీసీలో ఎందుకు నలుగుతున్నాడో మీ ఇంట్లో ఆమెకే తెలుసని నాకు అనిపిస్తోంది. పదో తరగతి తప్పిన ఆ తల్లి వాడు చెప్పేది వింటోంది గనుకే ఆ మాట ఆమె నోట వచ్చింది. దానికి మీరు ఇచ్చిన జవాబు అది!

తల్లిని అంత మాట అన్నాక వాడు లేచి వెళ్లడాన్ని నేను పొగరు అనను. ఆ వయసు కొడుక్కి ఉండాల్సిన అభిమానమే అది. భార్యను పిల్లల ఎదుట తీసిపారేస్తూ, ఆ పిల్లలు తన మాట వినాలని కోరే హక్కు ఏ తండ్రికీ లేదని నా గట్టి నమ్మకం. ఆవిడ ఎదురు చెప్పలేదు గనుక నొచ్చుకోలేదనుకోకండి.

ఈ రాత్రి యార్డు నుంచి వచ్చాక ఫోను పక్కన పెట్టి, వాడు కూడా ఉన్నప్పుడు ‘ఆదివారం నేను అన్నది తప్పు’ అని ఆమెతో చెప్పండి. వాడు ఇయర్‌ఫోన్లు తీయకపోతే తీయమని అడగవద్దు. తర్వాత ‘లెక్కల గురించి ఏదో చెప్పబోయావు, చెప్పు’ అని అడిగి, ఆమె ముగించేదాకా నోరు తెరవకండి.